బల్ల మీద ఊగిన బ్యాటరీతో ధర్సీవా దాకా

రాయ్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో డ్రోన్‌తో వీడియో తీయాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దారి, ఖర్చు, టైము అన్నీ చెబుతాను. మంచి అనుభవం మాత్రం కాదు. ధర్సీవా దాటాక ఒక ఊళ్లో దుకాలూ కాకా అనే రైతు ఉన్నాడు. కోతలయ్యాక ఆయన కళ్లంలో వేసిన గడ్డివాము మీద దగ్గర్లోని ఫ్యాక్టరీ గొట్టాల నుంచి నల్లటి దుమ్ము పడుతోంది. పైన జానెడు మందం గడ్డిని ఎడ్లు వాసన చూసి వదిలేస్తున్నాయి. ఆయన పెట్టిన అర్జీ మీద తనిఖీకి గురువారం పదకొండింటికి వస్తామని కాలుష్య నియంత్రణ ఆఫీసు నుంచి కబురొచ్చింది. దుమ్ము పడింది పడినట్టు చూపించాలని కాకా మూడు వారాలుగా ఆ వామును చెయ్యి పెట్టి కదపలేదు. తనిఖీ అయ్యాక పై పొర తీసి పారేస్తే, అడుగున ఉన్న మంచి గడ్డి వేసవి దాకా ఎడ్లకు మేత. ఫ్యాక్టరీల కాలుష్యం మీద మా బృందం కరపత్రాలు పంచిన ఒక సభలో ఆయన నాకు పరిచయమయ్యాడు. ‘పైనుంచి తీస్తే ఊరంతా ఎంత నల్లబడిందో తెలుస్తుంది కాకా, మంగళవారం నేనొస్తా’ అన్నాను. ఆయన రమ్మని అడగలేదు. నేనే వస్తానన్నాను.

నా డ్రోన్ సెకండ్ హ్యాండ్‌ది. దాని సొంత బ్యాటరీ పాతబడి ఎనిమిది నిమిషాలకే దిగిపోతోంది. శంకర్ నగర్‌లో ఒక సందు షాపులో అడిగితే, కంపెనీ బ్యాటరీ ఒక్కదాని ధరకు పేరూ ఊరూ లేనివి రెండొస్తాయన్నాడు. ‘ఎక్కువసేపు ఎగురుతుంది భయ్యా, సైజు పెద్దది’ అని కూడా అన్నాడు. రెండూ కొన్నాను, అయితే ధర చూసి కాదు. వస్తువు అమ్మినవాడే దాని విడిభాగాల మీద కూడా పెత్తనం చేయడం దోపిడీ అని నేను చదివిన చిన్న పుస్తకాలన్నీ చెప్పాయి. కంపెనీ బ్యాటరీ కొనకపోవడం నాకు ఒక సిద్ధాంతం. ఆ సిద్ధాంతం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ సిద్ధాంతానికి జేబులో పెట్టుకున్న సరుకు ఎలాంటిదో చూసుకోవాల్సిన పని కూడా ఉంటుంది.

అది చూసింది మా నాన్న. ఆయన రైల్వేలో బోగీల లైట్ల బ్యాటరీలు చూసే ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి నలభై ఏళ్లయినా మాట మారలేదు. సోమవారం సాయంత్రం రెండు బ్యాటరీలూ ఛార్జింగ్ నుంచి తీసి బల్ల మీద పెట్టాను. నాన్న టీ గ్లాసు పక్కన పెట్టి ఒకదాన్ని వేలితో నొక్కాడు.

“ఏటిరా ఇది, ఊగతంది?”

“కొత్తది నాన్నా. ఛార్జింగ్ పెట్టాను కదా, కొంచెం వేడిగా ఉందంతే.”

“వేడి కాదు. కడుపు ఉబ్బింది దీనికి. ఉబ్బిన సెల్లుని మేం బండికి ఎక్కించేవోళ్లం కాదు. పక్కన పడేసేవోళ్లం.”

“మీది రైల్వే. ఇది వేరే టెక్నాలజీ. కంపెనీలు ఇలాగే భయపెట్టి అమ్ముకుంటాయి. దీన్ని గుత్తాధిపత్యం అంటారు.”

“గుత్తాధిపత్యం సంగతి నాకు తెల్దుగానీ, బల్ల మీద నిలబడని సరుకు గాల్లో ఎలా నిలబడతాదిరా?”

నాకు కోపం వచ్చింది. నలభై ఏళ్లు ఉద్యోగం చేసి ఒక్క ప్రశ్న అడగనివాళ్లు ఇంట్లో మాత్రం ప్రశ్నలు అడుగుతారని ఏదో అన్నాను. నాన్న గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మంగళవారం ఎనిమిదిన్నరకు రైల్వే కాలనీ నుంచి షేర్ ఆటోలో భన్‌పురి వెళ్లాను, ఇరవై రూపాయలు. అక్కడ బిలాస్‌పూర్ వైపు వెళ్లే బస్సు పట్టుకుంటే ధర్సీవాకు ముప్ఫై తీసుకున్నారు. దారి పొడవునా లారీలు, కాబట్టి గంట అనుకుంటే గంటన్నర వేసుకోండి. ధర్సీవా స్టాండు దగ్గర వేడి చీలా, టమాటా పచ్చడి దొరుకుతాయి. బియ్యప్పిండి అట్టు అనుకోండి, రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. అక్కడి నుంచి ఊరికి బస్సు లేదు. ఆటో మాట్లాడుకోవాలి, నూట యాభై చెప్పి నూట ఇరవైకి వచ్చాడు. ఆటో అతను నా బ్యాగు చూసి అడిగాడు.

“షాదీ షూటింగా భయ్యా?”

“కాదు. పొల్యూషన్ షూటింగ్.”

“దానికి గాల్లోకి ఎగరాలా? పొద్దున కడిగాను ఈ బండిని. ఆ అద్దం మీద వేలు పెట్టి నీ పేరు రాసి చూడు.”

రాశాను. మూడక్షరాలూ స్పష్టంగా వచ్చాయి. వేలు నల్లగా అయింది. అతను అద్దంలోంచి చూసి, “అయిపోయింది కదా షూటింగ్, వెనక్కి తిప్పేయమంటావా?” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వింది అక్కడివరకే.

ఊరు చేరేసరికి పదకొండు దాటింది. కాకా కళ్లం ఇంటి వెనకే ఉంది. మధ్యలో మనిషికి రెండింతల ఎత్తు గడ్డివాము, పక్కన ట్రాక్టర్ ట్రాలీ, ఇంకో పక్క రెండు ఎడ్లు. కాకా భార్యను అందరూ కాకీ అంటారు. ఆమె నాకు చెంబుతో నీళ్లిచ్చి, వాము మీంచి ఒక గుప్పెడు గడ్డి లాగి అరచేతుల మధ్య నలిపి చూపించింది. అరచేయి కాటుక పూసినట్టయింది. “సాహెబ్‌కి ఇదే చూపిస్తా. మాటలెందుకు?” అంది. నేను తల ఊపాను గానీ, నా ధ్యాసంతా పైనుంచి వచ్చే బొమ్మ మీదే ఉంది.

ఎగరవేయడానికి అనుమతి ఉన్న చోటో కాదో ప్రభుత్వ మ్యాపులో ముందే చూసుకున్నాను, ఆకుపచ్చగానే ఉంది. మీరూ చూసుకోండి, విమానాశ్రయం వైపు వెళ్తే కుదరదు. నాన్న నొక్కి చూసిన ఆ కొత్త బ్యాటరీని దూరిస్తే బిగుతుగా వెళ్లింది. ఒక పక్క లాక్ పడిన చప్పుడు వినిపించింది, రెండో పక్క వినిపించలేదు. బొటనవేలితో గట్టిగా నెట్టాను. పదకొండూ నలభైకి లేపాను. ఫోన్‌లో తొంభై ఆరు శాతం చూపించింది. నలభై మీటర్ల ఎత్తులో ఊరి చుట్టూ ఒక చుట్టు తిప్పి, ఫ్యాక్టరీ వైపు ముఖం పెట్టి నిలబెట్టాను. కాకా నా భుజం మీంచి స్క్రీన్ చూస్తూ, “మా ఇల్లు ఇంత చిన్నదా?” అన్నాడు. డ్రోన్‌ను కళ్లం మీదికి వెనక్కి తెచ్చి కిందికి దించుతున్నాను. అరవై రెండు శాతం అని ఉన్న అంకె ఉన్నట్టుండి పంతొమ్మిది అయింది. వెంటనే స్క్రీన్ నల్లబడింది.

తల ఎత్తి చూస్తే గాల్లో రెండు ముక్కలు కనిపించాయి. ఒకటి డ్రోన్, ఒకటి బ్యాటరీ. డ్రోన్ పక్క మడిలో పడింది. బ్యాటరీ ట్రాలీ ఇనుప అంచుకు టంగుమని తగిలి వాములోకి ఎగిరిపడింది. నేను మడిలోకి పరుగెత్తాను. రెక్క ఒకటి విరిగింది, కెమెరా బాగానే ఉంది, మెమరీ కార్డు బాగానే ఉంది. వీడియో దక్కిందని కాకాకు చెయ్యి ఊపాను. కాకీ కళ్లంలోంచి కేకేసింది.

“బాబూ, గడ్డిలో ఏదో పడింది కదా, చూడవా?”

“బ్యాటరీ కాకీ. తర్వాత తీస్తా.”

ఆ మాట నేనన్నదే. కార్డు ఫోన్‌లో పెట్టి చూసుకుంటూ మడిలోనే నిలబడ్డాను. నాలుగైదు నిమిషాలయి ఉంటుంది. ముందు వాసన వచ్చింది, తియ్యగా, మందు వాసనలాగ. వాము పక్క నుంచి తెల్లటి పొగ బుస్సుమని ఈల వేస్తున్నట్టు వచ్చింది. మేం చేరేలోపే మంట అంటుకుంది. కాకీ ముందు ఎడ్ల తాళ్లు విప్పింది. కాకా బోరు పైపు లాగాడు. ఊరివాళ్లు బిందెలతో వచ్చారు. ఒక పక్క ఆరిందనుకుంటే బ్యాటరీ ఉన్న చోటే మళ్లీ రాజుకునేది. కొడవలి కర్రతో దాన్ని బయటికి లాగబోయి కాకా కుడిచెయ్యి మణికట్టు దాకా బొబ్బలెక్కింది. ఒంటిగంటన్నరకు మంట ఆగింది. అప్పటికి వాము లేదు.

కాకాను మందు పూయించడానికి ఆటోలో ధర్సీవా తీసుకెళ్లాను. కట్టు కట్టించుకుని బయటికొచ్చాక ఆయన అడిగాడు.

“కంపెనీది వేస్తే ఇలా అయ్యేది కాదా?”

“ఏ బ్యాటరీకైనా ప్రమాదం ఉంటుంది కాకా. కాకపోతే ఇది అప్పటికే ఉబ్బింది. లాక్ సరిగా పడలేదు. శాతం కూడా తప్పు చూపించింది, డ్రోన్‌కూ దీనికీ మాట కలవదు.”

“ఇవన్నీ నీకు ముందే తెలుసా?”

“ఉబ్బిందని మా నాన్న చెప్పాడు.”

“మరెందుకు వేశావు?”

నేను కంపెనీల పెత్తనం గురించి మొదలుపెట్టాను. రెండు వాక్యాలు వినేసరికి ఆయన కట్టు కట్టిన చెయ్యి ఎత్తాడు. “నీకు దెబ్బలాట ఉన్న ఆ కంపెనీ మా ఊళ్లో లేదు బాబూ. మా కళ్లం మీదికి ఎందుకు తెచ్చావు దాన్ని?” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

గురువారం మళ్లీ వెళ్లాను. తనిఖీ అధికారి సమయానికే వచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు. కళ్లమంతా బూడిద, మసి. కాకీ నేల మీంచి కాస్త గడ్డి ఏరి అరచేతుల్లో నలిపి చూపించింది. చెయ్యి నల్లగానే అయింది. “ఇది గొట్టాల దుమ్మా, మీ మంటల మసా? నేనేమని రాయాలమ్మా?” అని ఆయన అడిగాడు. నేను ముందుకెళ్లి వీడియో చూపించాను. నలభై మీటర్ల పైనుంచి గడ్డివాము మీది నలుపు మామూలు నీడలా ఉంది. ఆయన రెండుసార్లు చూసి ఫోన్ తిరిగిచ్చేశాడు. నిప్పు ఎలా అంటుకుందని అడిగితే నేనే చెప్పాను, రాసుకున్నాడు. ఫిర్యాదు చేసిన దుమ్ముకు ఆనవాలు దొరకలేదని కూడా రాసుకున్నాడు. అర్జీలో ఉన్నది ఈ కళ్లం ఒక్కటే కాబట్టి, మళ్లీ కోతలయ్యాకే చూపించడానికి ఏమైనా ఉంటుంది. ఎడ్లకు గడ్డి ఆ ఊరివాళ్లు తలా ఒక మోపు ఇస్తున్నారు. అదీ నల్లగానే ఉంటోంది, దులిపి వేస్తున్నారు.

మధ్యలో బుధవారం కిరాణా కొట్టు తక్కెడలో ఆ రెండో బ్యాటరీతో కలిపి డ్రోన్‌ను తూచాను. రిజిస్ట్రేషన్ అక్కర్లేని రెండు వందల యాభై గ్రాములు దాటేసింది. అంటే ఆ రోజు నేను ఎగరేసిందే నిబంధనలకు విరుద్ధం. ఫ్యాక్టరీ నిబంధనలు పాటించదని కరపత్రం రాసినవాణ్ణి నేను. తనిఖీ నాడు ఫ్యాక్టరీ తరఫున వచ్చిన మనిషి, ‘మా వైపు అంతా సరిగ్గానే ఉంది’ అన్నప్పుడు నాకు రక్తం ఉడికింది. కానీ సోమవారం సాయంత్రం మా ఇంట్లో బల్ల దగ్గర నేనన్నది కూడా ఆ మాటే. ఆ ఫ్యాక్టరీ మీద నా కోపం తగ్గలేదు, తగ్గనివ్వను. అయితే ఇంకొకరి కళ్లంలో అడుగుపెట్టేటప్పుడు నా చేతిలో ఏముందో ముందు చూసుకోవాలని తెలియడానికి ఒక కుటుంబం వేసవి దాకా దాచుకున్న ఎడ్ల మేత కాలిపోవాల్సి వచ్చింది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

బయల్దేరేవాళ్లకు ఒకే సూచన. ప్రయాణం ముందురోజు ప్రతి బ్యాటరీనీ, కంపెనీదైనా కాకపోయినా, సమంగా ఉన్న గాజుపలక మీద పెట్టి మూల మీద వేలితో నొక్కండి. ఊగితే దాన్ని ఛార్జ్ చేయొద్దు, ఎగరేయొద్దు, బస్సెక్కించొద్దు. మా ఇంట్లో ఆ రెండోది పెరట్లో ఇసుక పోసిన మట్టికుండలో, గోడకు దూరంగా ఉంది. పెట్టింది నాన్నే, నేను గురువారం తిరిగొచ్చేసరికి. కుండ మీద మూత మాత్రం తీసి పక్కన పెట్టాడు, గ్యాస్ పోవడానికి.