ముక్కు బూబమ్మ సాక్ష్యం

సంగారెడ్డి బజారులో రషీదున్నీసా ఇల్లెక్కడ అని అడిగితే జనం తెల్లమొహం వేసేవారు. ముక్కు బూబమ్మ ఇల్లంటే మాత్రం ఎవరైనా వేలు పెట్టి చూపించేవారు. పాలు పొయ్యి మీద పెట్టకముందే విరిగిపోతాయని చెప్పేది. బస్తా మూతి విప్పకుండానే అడుగు బియ్యం తడిసిందని చెప్పేది. పొరుగింటి సౌభాగ్యమ్మ నూనె కొన్నప్పుడల్లా సీసా తెచ్చి ఆమె ముక్కు కింద పెట్టేది. బూబమ్మ తల అడ్డంగా ఊపిందంటే ఆ సీసా తిరిగి గానుగకు పోవలసిందే.

ఆ ముక్కుకు పదును పెట్టింది గంజాయి. నిజాం రోజుల్లో గంజాయి, నల్లమందు అమ్మడానికి లైసెన్సు దుకాణాలుండేవి. ఆమె భర్త చాంద్ పాషాది అలాంటి దుకాణమే. సరుకు ఇంటికి వస్తే, పరదా వెనక వసారాలో కూర్చుని, చేట ముందేసుకుని పుల్లలూ గింజలూ ఏరేది రషీదున్నీసా. ఇరవై రెండేళ్లు ఏరింది. తమలపాకు తప్ప మరో ఆకు నోట పెట్టి ఎరగదు.

ఏరుతుంటే పక్కన కూర్చుని చాంద్ పాషా దేశాల కబుర్లు చెప్పేవాడు. ఈ గంజాయి ఖాండ్వా నుంచి వచ్చిందనీ, ఆ మూటది అహ్మద్‌నగర్ అనీ, నల్లమందు మాళవంలో తెల్లపూల చేలల్లో పుడుతుందనీ, చరస్ అనేది యార్ఖండ్ నుంచి మంచుకొండలు దాటి గుర్రాల మీద దిగుతుందనీ చెప్పేవాడు. ఆయన బీదరు దాటి పోయినవాడు కాదు. సరుకు తెచ్చిన బేరగాళ్లు చెప్పిందే చెప్పేవాడు. జోగిపేట దాటని రషీదున్నీసా ఆ ఊళ్లన్నిటినీ వాసనతో గుర్తుపెట్టుకుంది. ఆయన పోయాక లైసెన్సు పోయింది. ఆమె బొంతలు కుట్టుకుంటూ, ఆ పుల్లల వాసన మర్చిపోయాననే అనుకుంది.

పందొమ్మిది వందల యాభై అయిదు చలికాలంలో ఒక పొద్దున ఆబ్కారీ ఇన్‌స్పెక్టర్ సాదుల్లా ఆమె గడపలోకి వచ్చాడు. వెంట జవాను మొగులయ్య. సాదుల్లా చేతిలో ఒక కాగితప్పొట్లం.

"సలాం అమ్మీ. జెర పరేషాన్‌ల ఉన్న. నీతోని పనిబడ్డది" అన్నాడు.

సంగతి ఇది. జోగిపేట దగ్గర నర్సన్న అనే రైతు కందిచేలో ఒక పెద్ద బస్తా గంజాయి దొరికింది. నర్సన్నను పట్టుకొచ్చి లోపల వేశారు. మంజీర ఒడ్డంతా దొంగచాటుగా గంజాయి పండిస్తున్నారని పై ఆఫీసరుకు గట్టి నమ్మకం కుదిరింది. ఊరూరా చేలలోకి దిగి వెతకమని హుకుం తయారవుతోంది. కాయ మీదున్న కందిని తొక్కించడానికి సాదుల్లాకు మనసొప్పడం లేదు. తాను తిరిగినంత మేర ఒక్క మొక్క కూడా కనబడలేదు మరి.

"ఈ సరుకు యాడ పుట్టిందో చెప్తవా?"

రషీదున్నీసా పొట్లం విప్పి వాసన చూసి మూసేసింది. "గిండ్ల సగం వాసన కాగితానిదే బేటా. నాకు బస్తా సూపెట్టు. ఆ చేను గూడ సూపెట్టు. మన్ను సూడకుండ మాట చెప్పొద్దు."

అలా యాభై ఏళ్ల వయసులో ఆమె మొదటిసారి జీపెక్కింది. గాలికి బురఖా గొడుగులా ఉబ్బింది. మొదట కడ్డీని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుంది. ఊరు దాటేసరికి కళ్లు తెరిచింది. ఇంకొంత దూరం పోయాక డ్రైవరు భుజం తట్టి, "ఇంక జెర జోరుగ నడుపు బిడ్డా" అంది. మొగులయ్య నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు.

చేలో దిగి గుప్పెడు మన్ను తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. నల్లరేగడి. వేళ్లకు జిగురులా అంటుకుంది. తరువాత జోగిపేట ఠాణాలో ఉన్న బస్తాను జీపులో తెప్పించి చేను గట్టు మీదనే విప్పించింది. చెయ్యి లోపలికంటా పెట్టి అడుగునుంచి తీసింది. కాళ్లతో తొక్కి చదును చేసిన సరుకు. దులిపితే అరచేతిలో ఎర్రటి దుమ్ము రాలింది.

"సూడు బేటా, ఇది ఎర్రమన్ను. గింజలేమో మస్తు కష్టపడి తీసేసిండ్రు. ఇట్ల తొక్కి ఆరబెట్టేది ఖాండ్వా దిక్కు. ఈ చేన్ల పుట్టింది కాదు. ఎవడో తెచ్చి ఈడ పారేసి ఉరికిండు."

"కోర్టుల చెప్తవా?"

"ఎందుకు చెప్ప? మస్తుగ చెప్త."

సాదుల్లా ప్రాణం కుదుటపడింది. సరిగ్గా అప్పుడే గాలి మళ్లింది. చేను పక్కనున్న నర్సన్న గుడిసె వైపునుంచి ఒక పచ్చి వాసన వచ్చి రషీదున్నీసా ముక్కుకు తగిలింది. దాహమేస్తోందని చెప్పి ఒక్కతే గుడిసె వైపు నడిచింది.

నర్సన్న భార్య ఆగమ్మ ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో ముంత తెచ్చి ఇచ్చింది. రషీదున్నీసా నీళ్లు తాగి, ముంత తిరిగిచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "కోళ్లగూడు ఎనుక ఏమున్నది బిడ్డా?"

ఆగమ్మ చేతిలోంచి ముంత జారింది. "రెండే చెట్లు బూబమ్మా! ఎడ్లకు కడుపుబ్బితే ఇంత ఆకు నూరి పోస్తడు. గంతే, నా పిల్లల మీద ఒట్టు!"

"రెండున్నా, రెండొందలున్నా సర్కారోళ్లకు ఒక్కటే. పీకెయ్. జల్దీ."

ఆగమ్మ పరుగున పోయి రెండు మొక్కలనూ పీకి పెంటకుప్పలో పూడ్చి పైన పేడ కప్పింది. రషీదున్నీసా తిరిగొచ్చి జీపులో కూర్చుంది. ఇంటికొచ్చేదాకా డ్రైవరును జోరుగా నడపమని ఒక్కమాటూ అనలేదు. తన ముక్కు చూసినదాన్ని దాచడం ఆమె జన్మలో అదే మొదలు.

కోర్టు రోజున గది కిటకిటలాడింది. సర్కారు వకీలు ఆమెను పైనుంచి కిందికి చూసి, ముక్కుకు ఏ మదర్సాలో సనదు పత్రం ఇచ్చారని అడిగాడు. జనం నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. పట్టుబడ్డ సరుకు దాచే ఆబ్కారీ మాల్‌ఖానా నుంచి రకరకాల నమూనాలు తెప్పించి, అక్కడున్నవాళ్ల దగ్గరి కాగితాలు తీసుకుని అయిదు పొట్లాలు కట్టించి, అంకెలు వేయించాడు. బూబమ్మ కళ్లకు ఆమె రుమాలే కట్టారు.

మొదటిది చూసి, "ఖాండ్వా. బస్తాల ఉన్నదానికి సొంత అక్క" అంది. రెండోది అహ్మద్‌నగర్ సరుకంది. మూడోది పాతబడిపోయిన భంగు ఆకంది. నాలుగోది వాసన చూసి మొహం చిట్లించి, "ఇది పుంటికూర సర్కార్. ఎండవెట్టి నన్ను మోసం జేస్తరా?" అంది. అయిదోది ముక్కు దగ్గరికి రాగానే మూడు తుమ్ములు తుమ్మింది.

"ఇండ్ల ఏమున్నదో గని, ఈ కాగితం వకీలు సాబ్ జేబులకెంచి వచ్చింది. పొడుం డబ్బ పక్కన పెట్టుకున్నడు."

వకీలు చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది. ఈసారి మేజిస్ట్రేటు కూడా నవ్వాడు. లెక్కచూస్తే మొదటి నాలుగూ సరిపోయాయి.

అవమానంతో వకీలు చెవులు ఎర్రబడ్డాయి. చివరి ప్రశ్న అని లేచాడు. "సరే, బస్తా సంగతి వదిలెయ్. నర్సన్న ఇంట్లో గంజాయి మొక్క లేనే లేదని ప్రమాణం మీద చెప్పగలవా?"

రషీదున్నీసా నర్సన్నను చూసింది. వెనక గోడకు ఆనుకున్న ఆగమ్మను చూసింది. కోర్టులో ప్రమాణం చేసింది తాను.

"ఇప్పుడు లేదు సర్కార్" అంది. వకీలు పెదవి విరిచేలోపే, "మొన్నటిదాంక ఉండె. రెండు. ఎడ్ల మందుకు పెట్టుకున్నరు. నేనే పీకిపిచ్చిన" అని మొత్తం చెప్పేసింది.

సాదుల్లా నెత్తి పట్టుకున్నాడు. ఆగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మేజిస్ట్రేటు కలం కిందపెట్టి అడిగాడు. "సాక్ష్యాన్ని పీకి పారెయ్యడం తప్పని నీకు తెలియదా అమ్మా?"

"తెలుసు సర్కార్. తప్పే. మూడు రాత్రులు నిద్ర లేదు. ఇప్పుడు చెప్పిన, పాణం నిమ్మళమైంది."

మేజిస్ట్రేటు చాలాసేపు కాగితాలు తిరగేశాడు. తరువాత తీర్పు చెప్పాడు. బస్తా నర్సన్నది కాదు, ఆ నేరం కొట్టేశాం. రెండు మొక్కల నేరానికి, కోర్టు లేచేదాకా నర్సన్న అక్కడే బల్ల మీద కూర్చోవాలి. మొక్కలు పీకించిన సాక్షి కూడా అతని పక్కన కూర్చోవాలి. ఆ మాట చెప్పి గడియారం చూశాడు. మధ్యాహ్నం భోజనానికి కోర్టు లేవడానికి పావుగంట ఉంది.

ఇద్దరూ బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. రషీదున్నీసా సంచిలోంచి వక్క పలుకు తీసి నర్సన్న చేతిలో పెట్టింది.

"నమలు బిడ్డా. ఖైదు అయిపోవస్తున్నది."

"బూబమ్మా, ఎడ్లకు కడుపుబ్బితే ఇగ ఏం పొయ్యాలె?"

"వాము, ఇంగువ. నువ్వు ఊకె పరేషాన్ గాకు."

మంజీర ఒడ్డు చేలలోకి దిగే హుకుం రాలేదు. ఆ ప్రాంతంలో సాగు లేదని సాదుల్లా రాసిన కాగితాన్ని పై ఆఫీసరు రెండుసార్లు చదివి సంతకం పెట్టాడట. సంక్రాంతి కూడా రాకముందే ఆబ్కారీ కచేరీలో రషీదున్నీసాకు కుర్చీ వేశారు. కొత్త జవాన్లకు నెలకోసారి పొట్లాలు ముందేసి వాసన నేర్పేది. మొగులయ్య ఆర్నెల్లు నేర్చుకున్నా గంజాయికీ వాముకూ తేడా పట్టలేకపోయాడు. "నీకు పడిశెం తక్కువైనంక రా" అని పంపేసింది.

తీర్పు అయిన వారానికి ఆగమ్మ గంపనిండా పచ్చి కందికాయలు ఎత్తుకుని సంగారెడ్డి వచ్చింది. సౌభాగ్యమ్మ ఉప్పు తెచ్చింది. కాయలు కుండలో ఉడకబెట్టి ముగ్గురూ గడపలో కూర్చుని వలుచుకు తిన్నారు. రషీదున్నీసా కబుర్లు మొదలుపెట్టి, ఖాండ్వాలో చేలెట్లా ఉంటాయో, యార్ఖండ్ గుర్రాలు మంచులో ఎట్లా నడుస్తాయో చెబుతుంటే, ఆగమ్మ వలవడం మర్చిపోయి వింది.

"గన్ని దేశాలు ఎప్పుడు తిరిగినవ్ బూబమ్మా?" అని అడిగింది.

రషీదున్నీసా నవ్వుతూ కాయల గంపను ఆమె వైపు జరిపింది. "తిను బిడ్డా, సల్లారితె బాగుండయి" అంది.