రాలేదని చెప్పిన సెన్సర్

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాట. దాని బరువు నా మీదే కాదు, ఏ తప్పూ చేయని ఇంకొకరి మీదా పడింది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా భర్త బొంతపల్లి దగ్గర మందుల కంపెనీలో పనిచేసేవారు. ఆయన బైకు మీటరులో, బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లైటు ఆరకుండా వెలుగుతుండేది. ముందు చక్రం వేగాన్ని పసిగట్టే సెన్సర్ పోయిందని, మార్చాలని అన్నారు. సంగారెడ్డిలో మెకానిక్ సలీం దగ్గరికి వెళ్లారు. మొదటి ఆదివారం పార్టు లేదన్నారు. రెండో ఆదివారం వచ్చింది వెనక చక్రానిదట. మూడో ఆదివారం అసలు రాలేదట. వేలెడంత ముక్కకు మూడు ఆదివారాలా? మేముండే పటాన్‌చెరులో మెకానిక్కులే లేరా? మెకానిక్ దగ్గరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎవరు పోతారు? అడగలేదు. అక్కడ ఇంకెవరో ఆమె ఉందని నా అనుమానం; అడిగితే జాగ్రత్త పడతారని అడగలేదు.

ఆ తర్వాతి గురువారం, ఆయన డ్యూటీలో ఉండగా, సామాన్లు కొనడానికి ఇటు వచ్చిన సలీం మా గుమ్మంలో నిలబడ్డాడు. చిన్న ప్యాకెట్ చేతికిచ్చాడు.

“అన్న ఫోన్ కలుస్తలేదు వదినా. ఇగో, అసలుది దొరికింది. ఆదివారం తెమ్మను, అరగంట పని. అప్పటిదాక జెర పైలమని చెప్పు. వానల గట్టిగ బ్రేకు కొడితే చక్రం ఆగి జారుతది.”

అంతా విన్నాను. సెన్సర్ నిజమే. అయితే ఏం? నిజమైన సాకు అయితే దొరకరు కదా అనుకున్నాను. ప్యాకెట్‌ను బీరువాలో చీరల కింద పెట్టాను. ముక్క రాలేదంటే కూడా ఈయన సంగారెడ్డి పోతాడా, చూద్దాం. అది నేను పెట్టిన పరీక్ష.

ఆదివారం పొద్దున వాన.

“సలీం ఏమన్న పంపిండా?”

“రాలేదు.”

“పోయి అడిగొస్త.”

“ఫోన్ చెయ్యరాదు?”

“చేసిన, ఎత్తుతలేడు. చేతులన్నీ గ్రీజేనాయె, ఏంజేస్తడు పాపం.”

నవ్వారు. ఇస్త్రీ చొక్కానే వేసుకున్నారు. దొరికాడు, అనుకున్నాను.

దారిలో ముందు పోతున్న లారీ ఆగింది. బ్రేకు కొట్టగానే ముందు చక్రం బిగుసుకుని బైకు జారిందని వెనక వచ్చిన ఆటో ఆయన చెప్పాడు.

మూడో రోజు సలీం వచ్చాడు. మా బావగారు, అంటే ఆయన అన్న, వాకిట్లోనే పట్టుకున్నారు.

“నెల దినాలు తిప్పిచ్చుకుంటివి గదరా! ఒక్క ముక్క తెచ్చిస్తే మా తమ్ముడు బతుకుతుండె!”

సలీం నా వైపు చూశాడు. తల దించుకున్నాడు.

“అవునన్నా. లేటయింది.”

ఎందుకలా అన్నాడు? జాలా? లేక నన్ను గుప్పిట్లో పెట్టుకోవడానికా? ఏడాదిపాటు ఫోన్ మోగినప్పుడల్లా అతనే అనుకున్నాను. ఒక్కసారీ చేయలేదు. బావగారి మాట విని కంపెనీ వాళ్లు అతని దగ్గరికి బళ్లు తీసుకుపోవడం మానేశారు. అదీ నాకు తెలుసు. ఊరుకున్నాను.

పదకొండో రోజు కాగానే ఆయన ఫోన్ అంతా వెతికాను. ఏమీ లేదు. తుడిచేశారేమో అనుకున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటాను. అన్నిటికంటే నీచమైనది ఇదే, అయినా దాచను. సెన్సర్ మార్చి ఉంటే బతికేవారా? తెలియదు. ఇన్నాళ్లూ ఆ తెలియకపోవడం వెనకే దాక్కున్నాను.

ఇవాళ పొద్దున బావగారికి ఉత్తరం పోస్టు చేశాను. సలీం ఆలస్యం చేయలేదని, ముక్క నా చేతికే ఇచ్చాడని రాశాను. క్షమించమని రాయలేదు. ఇక ఆయన నా మొహం చూడకపోవచ్చు. సలీం ముందు నిలబడే ధైర్యం నాకింకా లేదు. కానీ ఇంటికి నడిచి వస్తుంటే, ఎదురొచ్చే వాళ్లలో ఎవరికి తెలుసో అని వెతకడం నా కళ్లు మానేశాయి.