ఖాళీ ఉంచిన గడి

సోమవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. కోరుట్ల బస్టాండు వెనుక మేడ మీది గదిలో నా వంతు వచ్చింది. గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందుంది. నేను నా చేతి గడియారం చూసే రాసుకున్నాను.

ఆ గదిలో గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ల పేర్లు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు. కాగితాలు లేనివాళ్లను జైలు, జరిమానా లేకుండా ఇంటికి పంపుతామని అక్కడి సర్కారు గడువు పెట్టింది. నా తమ్ముడు జీతమివ్వని కఫీల్ దగ్గర నుంచి, అంటే అక్కడి యజమాని దగ్గర నుంచి పారిపోయి తొమ్మిదేళ్లు. పాస్‌పోర్టు ఆ యజమాని దగ్గరే ఉండిపోయింది.

కంప్యూటర్ ముందు డిగ్రీ చదివే అమ్మాయి కూర్చుంది. తమ్ముడి పేరు, మా నాన్న పేరు, మేడిపల్లి పక్కన మా ఊరి పేరు చెప్పాను.

“పాస్‌పోర్ట్ నంబర్, అమ్మమ్మా?”

“తెలువదు బిడ్డా.”

“అయితే లేదు అని కొడుతున్న. అందరికి గట్లనే కొడుతున్న.”

“లేదు ఎట్లయితది? నంబరు ఉన్నది. నాకు తెలువదు, గంతే. ఖాళీ ఉంచు.”

వెనుక వరుసలో ఉన్న మా ఊరి ఆమె నవ్వింది. “కొట్టనియ్యి టీచరమ్మా! నీ తమ్మునికి మార్కులు కోస్తరా ఏంది?”

“ఆమెతోని పెట్టుకోకుండ్రి,” అంది ఇంకొకామె. “పోరలకు కోడిగుడ్డు సుత సంతకం లేకుంట ఇయ్యలె.”

నిజమే. అంగన్‌వాడీలో ఇరవై తొమ్మిదేళ్లు పిల్లల బరువుల రిజిస్టరు రాశాను. తూకానికి రాని పిల్ల గడి ఖాళీగా ఉంచేదాన్ని. రేపో ఎల్లుండో వస్తే నింపేదాన్ని. పిల్ల చనిపోతేనే ఆ గడిలో ‘లేదు’ అని రాసేదాన్ని. ఆ మాట పదకొండుసార్లు రాశాను. తమ్ముడి వరుసలో దాన్ని రాయించడానికి నాకు మనసొప్పలేదు. అమ్మాయి ఖాళీ ఉంచింది.

మా మేడిపల్లి మండలం నుంచి నలభై ఒక్క వరుసలయ్యాయి. బుధవారం గల్ఫ్‌లో మనవాళ్లుండే క్యాంపు నుంచి రెండో పట్టిక వచ్చింది. మగ్గం పని దొరక్క సిరిసిల్ల విడిచి పోయిన ఒకాయన గది గది తిరిగి దాన్ని రాసి పంపాడు. రెండు పట్టికల్లో నాలుగు గడులూ కలిసిన వరుసలనే కంప్యూటర్ లెక్కపెట్టింది. గురువారం ఆ పేర్లు జగిత్యాల నుంచి పైకి పోయాయి.

శనివారం రెండు పట్టికల నకళ్లు నా చేతికొచ్చాయి. పెన్సిల్ పెట్టి ఒక్కొక్క పేరూ కలిపాను. నా లెక్క ముప్పై నాలుగు. పైకి పంపిన కాగితంలో ముప్పై మూడు. మూడుసార్లు కలిపాను. తక్కువ పడింది నా తమ్ముడు.

సోమవారం మొదటి బస్సుకు కోరుట్ల పోయాను. అమ్మాయి పట్టిక తెరిచి చాలాసేపు చూసింది.

“అమ్మమ్మా, నీది ఖాళీ ఉన్నది. అక్కడి ఆయన పాస్‌పోర్ట్ లేనోళ్లందరికి లేదు అనే రాసిండు.”

“పేరు కలిసింది. తండ్రి పేరు కలిసింది. ఊరు కలిసింది గద?”

“ఖాళీ దేనితోని కలవదు. రెండు దిక్కుల ఖాళీ ఉన్నా కలవదు. ఖాళీ అంటే అండ్ల ఏమున్నదో తెలువదనుకుంటది.”

ఆ గడిలో ‘లేదు’ అని కొట్టింది. తెర మీద ముప్పై మూడు ముప్పై నాలుగయింది. రెప్పపాటు పని. జగిత్యాలకు ఫోన్ చేస్తే జాబితా మూసేశారని, గడువు ఎల్లుండితో ముగుస్తుందని, కొత్త పేరు తీసుకోరని చెప్పారు. అమ్మాయి ఏడ్చింది. నీ తప్పు కాదని చెప్పి బస్సెక్కాను.

గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి కొండగట్టుకు పోతున్నారని తెలిసి నేనూ పోయాను. సిరిసిల్ల ఆయన గుండు మీద చెయ్యి పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

“నీ తమ్ముడు బ్యాగు సదురుకొని క్యాంపు గేటు కాడనే కూసున్నడమ్మా,” అన్నాడు. “పేర్లు సదివిండ్రు. ముప్పై మూడు కాంగనే కాయితం మలిచి జేబుల పెట్టుకున్నరు. ఇంకోపాలి సదువుమని అడిగిండు. సదివిండ్రు. మల్ల గవే పేర్లు.”

గడువు అయిపోయిన ఐదో రోజు తమ్ముడు ఫోన్ చేశాడు. ఆరు నిమిషాలు మాట్లాడాడు. ఎక్కడో ఊరికి దూరంగా ఒంటెల కొట్టంలో పని దొరికిందన్నాడు.

“అక్కా, నా పేరెందుకు రాలె?”

నేను చెప్పలేదు.

“పోనీ తియ్యి,” అన్నాడు. “నువ్వైతే సక్కగనే రాసి ఉంటవు. వాళ్లే యాడనో మరిసిండ్రు.”

ఆ తర్వాత ఆ నంబరు మోగలేదు. ఏడాది వరకు రోజూ సాయంత్రం ఆరింటికి చేశాను. తర్వాత ఆదివారాలు మాత్రమే చేస్తున్నాను.

ఇక్కడి పట్టికలో నలభై ఒక్కరు. ఏడుగురి పేర్లు అక్కడి పట్టికలో లేవు, వాళ్ల సంగతి నాకు తెలియదు. తిరిగి వచ్చినవాళ్లు ముప్పై ముగ్గురు. రెండు పట్టికల్లోనూ ఉండి రానివాడు ఒక్కడు.