పై పుల్లీ మీద బొట్టు

తప్పు చేసినవాడు ఎదురు తిరిగితే తిట్టడం తేలిక. మా తాడేపల్లిగూడెం మెకానిక్ ఎదురు తిరగలేదు. "పొరపాటేనండీ" అని తల వంచుకుని నిలబడ్డాడు. ఆ మర్యాద తలుచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండుతుంది.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడు సంగతి ఇది. నేను గూడెంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ని. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోలు కారు ఉండేది. దాని టైమింగ్ బెల్ట్ మీద ఉండాల్సిన మూత పాత యజమాని దగ్గరే ఎక్కడో విరిగిపోయింది. బోనెట్ ఎత్తితే బెల్టూ, అది తిప్పే పై పుల్లీ బయటికే కనబడేవి. మా అమ్మకి ఆ పుల్లీ అంటే ఎందుకో గౌరవం. దసరాకి స్టీరింగుకీ చక్రాలకీ పెట్టినట్టే దానికీ గంధం, కుంకుమ పెట్టేది. ఇంజన్ వేడికీ నూనె మరకలకీ అది నాలుగు రోజుల్లో చెరిగిపోతే బాధపడేది.

పరిష్కారం నేనే కనిపెట్టాను. గేటుకి వేయగా మిగిలిన ఎనామిల్ రంగు డబ్బా తెచ్చి, పుల్లీ మీద రేగుపండంత పసుపు బొట్టు దిద్ది, మధ్యలో ఎరుపు చుక్క పెట్టాను. "ఇంక ఏడాదంతా చెక్కు చెదరదమ్మా" అన్నాను. అమ్మ ఎంతో మురిసిపోయింది. నా తెలివికి నేను అంతకన్నా మురిసిపోయాను.

ఆ వేసవిలో బెల్ట్ మార్చాల్సి వచ్చి మా మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. ఆయనకి ఆస్తీ లేదు, వెనకాల ఎవరూ లేరు. పని తెలిసిన మనిషన్న పేరొక్కటే ఉంది. మా స్టాఫ్ రూములో సగం మంది బళ్లు నా మాట మీదే ఆయన దగ్గరికి వెళ్లేవి. బెల్ట్ పని ఎలా ఉంటుందో ఒకసారి నాకు ఆయనే చెప్పాడు. కింది పుల్లీకీ పై పుల్లీకీ కంపెనీవాడే చెరొక చిన్న గాటు పెడతాడట. పాత బెల్ట్ విప్పే ముందు ఆ రెండు గాట్లనీ ఇంజన్ మీదున్న గుర్తులకి ఎదురుగా తెచ్చి నిలపాలి. తర్వాతే బెల్ట్ తీయాలి. కొత్తది వేసేటప్పుడు బెల్ట్ లోపలి పళ్లలో ఒక్క పన్ను అటూ ఇటూ అయినా వాల్వులు తెరుచుకునే వేళ తప్పుతుంది, ఇంజన్‌కి సత్తువ పోతుంది. నా క్లాసులో నేను ఏ పాఠమూ అంత విడమరిచి చెప్పలేదు.

ఆ రోజు కిరోసిన్ గుడ్డతో పుల్లీ తుడుస్తూ బొట్టు దగ్గర ఆగాడు. జేబులోంచి కత్తి తీశాడు.

"మేష్టారూ, ఇదీ..."

"పూజ బొట్టండీ. ఉంచండి" అన్నాను. పేపర్లోంచి తల ఎత్తలేదు.

ఆయన క్రైస్తవుడు. షెడ్డు గోడకి చర్చివాళ్లిచ్చిన వాక్యం క్యాలెండరు ఉండేది. కత్తి మడిచి జేబులో పెట్టుకుని మళ్లీ పనిలో పడ్డాడు. బెల్ట్ వేశాక ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు చూసుకుని "కలిసిందండీ" అన్నాడు.

ఆదివారం అమ్మని ఎక్కించుకుని ముదినేపల్లిలో మా పిన్ని ఇంటికి బయలుదేరాను. ఏలూరు వెళ్లేసరికే బండి లాగడం లేదని తెలుస్తోంది. కొల్లేరు మీదుగా కైకలూరు రోడ్డెక్కాక నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఎటు చూసినా ఎండిన చెరువులు, తెగిన గట్లు. నీడన్నది లేదు. షుగరు మనిషి మా అమ్మ, నెత్తిన కొంగు వేసుకుని రెండు గంటలు ఆ వెనక సీట్లో మగ్గిపోయింది. ఒక్క మాట అనలేదు. అనకపోవడంతో నాకు కోపం ఇంకా పెరిగింది.

చివరికి ఒక ట్రాక్టరు మమ్మల్ని తాడు కట్టి ఏలూరు లాక్కొచ్చింది. అక్కడి మెకానిక్ చూసి, "టైమింగ్ ఒక పన్ను తప్పిందండీ. ఎవరండీ ఈ బెల్ట్ వేసిందీ?" అన్నాడు. నేను అమ్మకి మజ్జిగ తాగించి వచ్చేలోపల సరిచేసేశాడు. బండి జుమ్మని లేచింది. గూడెం వచ్చేదాకా నేను తిట్లు కూర్చుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్లాను. చేపల వ్యాన్ల ఆసామి ఒకాయన తన వ్యాన్ పనికిచ్చి అక్కడే టీ తాగుతున్నాడు. ఇంకో అయిదారుగురు ఉన్నారు. ఎప్పుడూ "మీరు" అనే మనిషిని మొదటిసారి "నువ్వు" అన్నాను.

"కళ్లు కనబడకపోతే బోర్డు పీకెయ్! మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చావు. గాటు చూసి బెల్ట్ వెయ్యడం రానివాడివి మెకానిక్‌వి ఎలా అయ్యావు?"

ఆయన నా వంక చూశాడు. నా బండి బోనెట్ వంక చూశాడు.

"పొరపాటేనండీ. బండి ఇలా పెట్టండి, చూస్తాను."

"నా బండి మీద నీ చెయ్యి పడనివ్వను" అన్నాను.

వ్యాన్ల ఆసామి గ్లాసు కింద పెట్టి డ్రైవర్ని పిలిచాడు. "బండి బయటికి తియ్యరా. మేష్టారే అన్నారంటే ఇంకేవుందీ?" అన్నాడు. నేను ఇంటికెళ్లి తృప్తిగా భోంచేశాను. ఆ వారమంతా స్టాఫ్ రూములో బొమ్మ గీసి మరీ ఆయన తప్పు వివరించాను.

వానాకాలం మధ్యలో షెడ్డుకి తాళం పడింది. ఆయన రోజూ రైలెక్కి భీమడోలు వెళ్లి, తనకంటే చిన్నవాడి షెడ్డులో కూలికి చేస్తున్నాడని విన్నాను. తగిన శాస్తే జరిగిందనుకున్నాను.

దసరాకి రంగు డబ్బా పట్టుకుని బోనెట్ ఎత్తాను. బొట్టు లేదు. ఏలూరు మెకానిక్ ఇనుము తేలేదాకా గీకేశాడు. బొట్టు అంచు మాత్రం పసుపు గీతలా మిగిలింది. ఆ అంచు దగ్గర, ఇన్నాళ్లూ రంగు కింద ఉండిపోయిన చిన్న గాటు కనబడింది. బొట్టు నడిమి నుంచి గాటుకి ఎంత దూరమో పుల్లీ పళ్లు లెక్కపెట్టాను. ఒక్క పన్ను. గాటు బొట్టు కిందే ఉంటుందని ఊహించి, దాని నడిమినే గుర్తుగా పెట్టుకున్నాడన్న మాట. "ఉంచండి" అన్నది నేను. రంగు పూసిందీ నేనే.

మర్నాడే భీమడోలు రైలెక్కాను. దారంతా క్షమాపణ మాటలు వెతుక్కున్నాను. తీరా పరాయి షెడ్డులో, ఎవరిదో జీపు కింద నుంచి ఆయన బయటికి వచ్చేసరికి నాకు కోపం ఆగలేదు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ? మీరే ఉంచమన్నారని ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"అంతమందిలో మేష్టార్ని ఎలా అంటామండీ?" అన్నాడు. "అయినా గీకి చూసుకోవాల్సింది నేనేనండీ. అమ్మగారు పెట్టుకున్న బొట్టు కదా, మనసొప్పలేదు."

"అమ్మ కాదు, నేను పెట్టాను!" అని అరిచాను. ఆ షెడ్డు యజమాని మేం కొట్టుకుంటామేమోనని లేచి వచ్చాడు. "మీరు గూడెం వచ్చెయ్యండి. అందరికీ నేను చెబుతాను" అన్నాను. "చెప్పి చూడండి" అన్నాడాయన, చేతులు తుడుచుకుంటూ.

వ్యాన్ల ఆసామిని టీకొట్టు దగ్గర పట్టుకున్నాను. రంగు, బొట్టు, గాటు, "ఉంచండి" అన్న మాట, ఒక్కటీ దాచకుండా చెప్పాను. ఆయన చిరునవ్వు నవ్వాడు.

"మీది జాలి గుండెండీ మేష్టారూ. వాడి పొట్ట కొట్టామన్న బాధతో తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు."

చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి లాక్కెళ్లాను. బోనెట్ ఎత్తి, మిగిలిన పసుపు అంచు, దాని పక్కన గాటు వేలితో చూపించాను. ఆయన వంగి కూడా చూడలేదు.

"ఊరుకోండి మేష్టారూ, మీ మంచితనం మాకు తెలీదా?" అని వ్యాన్ ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ రోజు షెడ్డులో నేను ఆ మనిషిని నిలబెట్టి తిడుతున్నప్పుడు, బోనెట్ ఎత్తి చూపించమని ఒక్కడూ నన్ను అడగలేదు.