ఆరు రూపాయల ఆట

డెబ్బైల్లో విశాఖ పోర్టులో మాతోపాటు బస్తాలు మోసిన ఆయన్ని మేమంతా బావ అనేవాళ్ళం. విదేశీ ఓడలవాళ్ళ దగ్గర పోకర్ అనే పేకాట నేర్చుకుని, ఆదివారం మధ్యాహ్నాలు మల్కాపురంలో మాకూ నేర్పాడు. పందెం కట్టేముందు తన డబ్బు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచేవాడు.

ఓ ఆదివారం ఆటలో ముగ్గురమే మిగిలాం. మాకు పనిచ్చే మేస్త్రి ఇరవై రూపాయలు కట్టాడు. నేనూ కట్టాను. బావ దగ్గర ఆరే ఉన్నాయి.

"ఇరవై లేకపోతే ముక్కలు పడేయ్," అన్నాడు మేస్త్రి.

బావ చెయ్యి తీసి ఆ ఆరూ ముందుకు తోశాడు.

"ఏటండీ పడేసీది? నా ఆరుకి మీరిద్దరూ ఆరేసి కలపండి. మిగతాది పక్కనెట్టి మీరే ఆడుకోండి. డబ్బులు తక్కువైతే నా ముక్కలు తక్కువైపోతాయేటి?"

"రేపు పనికెలాగొస్తావో సూత్తాను."

"రేపు సూద్దురుగాని. ముందు ముక్కలు సూపించండి."

బావ చేతిలో మూడు రాణులున్నాయి. పద్దెనిమిది రూపాయలూ ఆయనే తీసుకున్నాడు. పక్కన పెట్టింది నా మీద మేస్త్రి గెలిచాడు.

ఆ వారమంతా మేస్త్రి ఆయన్ని పనికి పిలవలేదు. ఆయన తరఫున ఒక్క మాట అనడానికి మాకెవరికీ ధైర్యం చాల్లేదు.

పై ఆదివారం బావ రెండు రూపాయలతో వచ్చి, సరిగ్గా మేస్త్రికి ఎదురుగా కూర్చున్నాడు.

"పంచండి," అన్నాడు.