చి.ల.సౌ. షాహీన్ ఆపా

చందానగర్ మార్కెట్‌కి బల్బులు కొనడానికి వెళ్తే, పక్కనున్న ప్రెస్‌లోంచి కొత్త పెళ్లికార్డుల వాసన వచ్చింది. సిరా, జిగురు, బంగారు రంగు పొడి, దళసరి అట్ట అన్నీ కలిసిన వాసన. బల్బులు కొనకుండానే ఇంటికి వచ్చేశాను. ఆ వాసనకీ నాకూ ముప్పై ఏళ్ల తగాదా ఉంది. అడిగితే చెప్పడానికి నేనెప్పుడూ సిద్ధమే, మా ఇంట్లోనే ఎవరూ అడగరు.

ఇప్పుడు అద్దాల మేడలు నిలబడిన నానక్‌రామ్‌గూడ పక్కన అప్పట్లో ఏనుగులంత బండరాళ్లూ, వాటి సందుల్లో సీతాఫలం చెట్లూ, వానాకాలంలో మోకాలిలోతు గడ్డీ ఉండేవి. ఆ బండల కింద మా గల్లీ. గల్లీలో ముప్పాతిక వంతు ముస్లింల ఇళ్లు, వాటి మధ్య కంకర లారీ నడిపే మా నాన్న కిరాయికి తీసుకున్న రెండు గదులు. తప్పిపోయిన మేక సంగతి మసీదు మైకులో వినేవాళ్లం, దేశం సంగతులు ఎదురింటి రహ్మత్ సాబ్ అరుగు మీద కూర్చుని ఉర్దూ పేపరు పైకి చదువుతుంటే వినేవాళ్లం, మిగిలిన సమాచారమంతా నేనే మోసేదాన్ని. రేషన్ షాపులో భర్త పేరు అడిగితే మా అమ్మ నోరు విప్పేది కాదు, మోచేత్తో నన్ను పొడిచేది, నేను "సాయిలు" అని నలుగురికీ వినబడేలా చెప్పేదాన్ని. పెద్దవాళ్లు పలకలేని పేర్లు పలకడం నా పని అని నాలుగో తరగతికే నాకు స్థిరపడిపోయింది.

రంజాన్ నెలలో సాయంత్రాలన్నీ నూనెలో ఎర్రగా వేగే ఉల్లిపాయల వాసనే. పండగనాడు రహ్మత్ సాబ్ ఇంటి నుంచి షీర్ ఖుర్మా గిన్నె మీద అల్లిక గుడ్డ కప్పి వచ్చేది, బతుకమ్మకి మా అమ్మ మలీద ముద్దలూ సత్తుపిండీ పంపేది, ఖాళీ గిన్నె తిరిగివ్వడం రెండిళ్లలోనూ తప్పే. అడుగున నాన్న పేరు చెక్కించిన మా స్టీలు గిన్నె ఒకటి అలా వెళ్లి ఇప్పటికీ రాలేదు. ఆ ఇంటి పెద్దకూతురు షాహీన్. నేను ఆపా అని పిలిచేదాన్ని, అక్క అన్నట్టు. మండే మధ్యాహ్నాలు వాళ్ల వరండాలో వెదురు తెర వెనక చింతగింజలతో అష్టాచెమ్మా ఆడేవాళ్లం. ఆపా రేడియోకి పాటలు కోరుతూ కార్డులు రాసేది, తన పేరుతో కాదు, తమ్ముడు యూసుఫ్ పేరుతో. రేడియోలో "యూసుఫ్" అని చదవగానే తెర వెనక ఆపా ముఖం వెలిగిపోయేది. పాట కోరింది ఈమె, పేరు వాడికి. నాకు ఒళ్లు మండేది.

ఆపా పెళ్లి కుదిరింది. తెలుగు ఇళ్లకు పంచమని రహ్మత్ సాబ్ నాకు ఇరవై మూడు కార్డులు ఇచ్చాడు. వాటికి ఒకవైపు ఉర్దూ, ఇంకోవైపు తెలుగు. తెలుగు వైపు పెళ్లికొడుకు సలీం పేరు బంగారు అక్షరాల్లో ఉంది, అతని తండ్రి పేరుంది, రహ్మత్ సాబ్ పేరుంది. పెళ్లికూతురి దగ్గర "మా పెద్ద కుమార్తె" అని మాత్రమే ఉంది. ప్రెస్సువాడు మర్చిపోయాడని నాకు అర్థమైంది. పరీక్షలకి దాచుకున్న నీలం పెన్ను తీసి, మా గుమ్మంలో బోర్లా పడుకుని, మా మేనత్త పెళ్లికార్డులో చూసినట్టే ప్రతి కార్డు మీదా గుండ్రంగా రాశాను: చి.ల.సౌ. షాహీన్ ఆపా.

మధ్యాహ్నానికి పంచేశాను. అందులో ఒకటి టైలర్ నర్సింలుకి ఇచ్చాను. అతను దాన్ని కొట్టుముందు మేకుకి గుచ్చాడు. ఎదురుగా చాయ్ హోటల్. సాయంత్రం యూసుఫ్ అటు వెళ్తుంటే అక్కడ కూర్చున్న పోరగాళ్లు అడిగారట: "అరే యూసుఫ్, మీ చిలసౌ ఎట్లున్నది? షాహీన్ ఆపాకు మా సలాం చెప్పు."

యూసుఫ్ ఏడుస్తూ ఇంటికొచ్చాడు. తర్వాత రహ్మత్ సాబ్ మా గుమ్మంలోకి వచ్చాడు. ఆయన అరవలేదు.

"సాయిలు భాయ్, చిన్నపిల్ల, తెలియక చేసింది. మా ఇంట్ల ఆడపిల్ల పేరు కార్డు మీద వెయ్యం. పెళ్లికొడుకోళ్ల చెవిన పడకముందే జర వాపస్ తెప్పియ్యి."

నాన్న నన్ను కొట్టలేదు, చెయ్యి పట్టుకుని ఇంటింటికీ తిప్పాడు, అది కొట్టడం కంటే ఎక్కువ. ప్రతి గుమ్మంలో అదే మాట: "అక్కా, ఆ కార్డు ఇటియ్యి, కొత్తది ఇస్తరు." అందరూ ఇచ్చారు గానీ, మూలింటి యెల్లమ్మ అవ్వ మాత్రం కార్డుని కొంగు కింద పెట్టుకుంది.

"పేరు లేకుంటే అక్షింతలేసి ఏమని దీవించాలె రా, సాయిలూ? రహ్మత్ బిడ్డా, చల్లగుండు అనాల్నా?"

నాన్న వంగి, ఆమె కొంగు కింది కార్డు మెల్లగా తీసుకున్నాడు. ఆ అవ్వ ఒక్కతే నా పక్షం, అందుకే ఇప్పటికీ ఆమెకి మనసులో దండం పెడతాను. చీకటి పడేలోగా ఇరవై మూడూ తిరిగొచ్చాయి. పెళ్లికొడుకు వాళ్లకి ఏమీ తెలియలేదు.

నేను ఆపా దగ్గరికి పరుగెత్తాను. ఆమెకైనా అర్థమవుతుందనుకున్నాను.

"ప్రెస్సోడు మర్చిపోయిండని రాసిన ఆపా. సలీం బావ పేరుంది, నీది లేదు."

ఆపా చింతగింజలు డబ్బాలో పోసి మూత పెట్టింది. "నిన్నెవరు అడిగిన్రు?"

"ఎవరూ అడగలే. నాకే అనిపించింది."

"నా పేరు నీకు ఇంట్ల పిలుచుకోనీకి ఇచ్చిన. బజార్ల పారేయనీకి కాదు."

అంతే. పెళ్లిదాకా ఆపా నాతో మాట్లాడలేదు. పెళ్లినాడు పూల ముసుగు కింద ఉన్న ఆపా ముందు చాలాసేపు నిలబడ్డాను, ఆమె తల ఎత్తలేదు. పెళ్లికూతుళ్లు ఎత్తరని అమ్మ చెప్పింది. నేను నమ్మలేదు. ఆమె పేరు కోసం నేను ఇంటింటా తలవంపులు పడితే ఆమె నా ముఖం చూడలేదని ముప్పై ఏళ్లుగా లెక్కలోనే ఉంచుకున్నాను.

గల్లీ పోయింది. బండల్ని పగలగొట్టారు, రహ్మత్ సాబ్ కుటుంబం ఎటు వెళ్లిందో తెలియదు, అరుగు ఉన్నచోట మా అపార్ట్‌మెంట్లకి కార్లు దిగే వాలు ఉంది. కార్డులు పట్టుకుని గుమ్మం తొక్కేవాళ్లు ఎవరూ లేరు, అన్నీ ఫోన్‌కే వస్తాయి.

పోయిన మంగళవారం మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒక సీసీ కెమెరా వీడియో పెట్టారు. సెల్లార్‌లో ఒకమ్మాయి స్కూటీ నేర్చుకుంటూ పూలకుండీలని గుద్ది, వాటి మీదే పడిపోతుంది. కింద నవ్వు బొమ్మలు. ఆ అమ్మాయి మా అమ్మాయి. నేను ఊరుకోలేదు. పిల్ల పేరు, చదివే క్లాసు, మా ఫ్లాట్ నంబరు అన్నీ రాసి, ఈ అవమానానికి బాధ్యులెవరని నాలుగు పెద్ద మెసేజ్‌లు పెట్టాను. గంటలో ఆ వీడియో పక్క టవర్ల గ్రూపులకి కూడా వెళ్లింది, ఈసారి పేరుతో సహా.

మా అమ్మాయి గదిలోంచి వచ్చి నా ఫోన్ తీసుకుని చదివింది.

"అందులో నా ముఖం కూడా కనబడట్లేదు మమ్మీ. నువ్వు చెప్పేదాకా అది నేనని ఎవ్వరికీ తెల్వదు."

మూడు రోజులుగా కాలేజీకి వెళ్లలేదు. అన్నం కూడా గదిలోనే తింటోంది. నా మెసేజ్‌లు తీసేశాను. తీసేసినట్టు కూడా నా పేరుతోనే చూపిస్తోంది. కూర్చోలేక, పడుకోలేక, శనివారం పొద్దున చెప్పులేసుకుని, ఆ వీడియో ఫోన్‌లోంచి తీసేయమని అడగడానికి ఒక్కొక్క ఫ్లాట్ బెల్ కొట్టడం మొదలుపెట్టాను. కొందరు తలుపు తీయలేదు. మూడో అంతస్తులో ఒకావిడ తీశారు, కాకినాడ వైపు వాళ్లనుకుంటా, చేతికి పిండి ఉంది.

"ఏ వీడియో అండి? రోజూ వంద వస్తాయండి. పేరు చెప్పండి, కొట్టి వెతుకుతాను."

పేరు నోటిదాకా వచ్చింది.

"పేరొద్దండి," అన్నాను. "మంగళవారం వచ్చింది. పైకి జరుపుతూ వెళ్లండి, నేనిక్కడే నిలబడతాను."

ఆవిడ చేతిపిండి చీరకి తుడుచుకుని, ఒక్కొక్క మెసేజే జరపసాగారు. శుక్రవారం, గురువారం, బుధవారం.