బాయి

విద్యార్థి లీడర్లు మీటింగ్ పెడితే వార్డెన్ పద్మలత లోపలికి వెళ్లదు, కూర్చోదు. గుమ్మం బయట నిలబడి కొంగు నలుపుకుంటుంది. కరీంనగర్‌లోని ఆ యూనివర్సిటీ హాస్టల్లో గోండి, ఉర్దూ, మరాఠీ అన్నీ వినిపిస్తాయి. ఏ మాట ఎవరిని నొప్పిస్తుందోనని ఆమె భయం. ఆ ఉదయం మీటింగ్‌లో బోథ్ పిల్ల సవిత లేచి, "అక్కా, మా బాయి పడిపోయిందట, ఇంటికి పోత" అంది. లీడర్ నిఖిత, బొగ్గుగనిని బాయి అనే గని కార్మికుల కాలనీ పిల్ల. ఆమె మొహం పాలిపోయింది.

"లోపల ఎంతమందున్నరు?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"మా మరాఠీల బాయంటే అమ్మ, అక్కా" అంది సవిత.

పద్మలత అడుగు ముందుకేసి, ఆగింది. నిఖితే సవితను బస్సెక్కించి వచ్చింది. వచ్చి, ఫోను పట్టుకుని గడప మీద కూలబడింది.

"మా బాపుది పొద్దటి షిఫ్టు, మేడం. బాయిలకు ఫోన్ తీస్కపోనియ్యరు."

పద్మలత పక్కన కూర్చుంది. నిఖిత బాపు షిఫ్టు దిగేదాకా లేవలేదు.